రాకెట్టు కబురు నమ్మిన చేను: బత్తలపల్లె ప్రయాణం

అనంతపురం నుంచి బత్తలపల్లె ఎంత దూరమని ఇప్పుడు అడిగితే, కారులో ఎంతలే, ముప్పావుగంట అంటారు. అరవైల నడుమ నేను ఆ దారిన పోయింది ఊళ్ళు చూడ్డానికి కాదు, నోరు జారినందుకు. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అనేది. తీసుకోగలనేమో చూద్దామని బయలుదేరాను. ఆ పక్క పల్లెలు తిరిగి రావాలనుకునేవాళ్ళు దారి కోసమైనా ఇది చదవండి.

అప్పుడు నేను అనంతపురంలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. మాది గుడివాడ దగ్గర కాలువగట్టు ఊరు. వాన లేకపోతే కాలువ ఉంది కదా అనుకునే రకం మనుషులం. బత్తలపల్లెకు నాలుగు మైళ్ళ అవతల ఒక చిన్న ఊళ్ళో, బడి వరండాలో సైన్సు ఉపన్యాసం చెప్పమని ఆ వేసవిలో పిలిచారు. ఊరి పేరు రాయను. ఆ రోజుల్లోనే ఒక విదేశీ పత్రికలో చదివాను. జెట్ విమానం రెక్క కింద చిన్న రాకెట్టును తగిలించి, గాలి పల్చబడే ఎత్తుకు తీసుకుపోయి అక్కడ వదిలితే, అది భూమి చుట్టూ తిరిగే కక్ష్యలోకి పోతుందని ప్రయత్నాలు చేశారట. నేల మీది నుంచే పంపాలంటే దట్టమైన గాలిని చీల్చుకుని పోవడానికి చాలా పెద్ద రాకెట్టు కావాలి. ఇది వాళ్ళకు అర్థం కావాలని గంప పోలిక చెప్పాను. “బరువు గంపను నేల మీద నుంచి మనంతట మనం నెత్తికెత్తుకోలేం. పక్క మనిషి ఒక చెయ్యి వేస్తే, ఆ తర్వాత మైళ్ళు నడుస్తాం. విమానం ఆ ఎత్తిపెట్టే మనిషి.” వెనక నిలబడ్డ ఆడవాళ్ళు కూడా తలలూపారు. ఆ ప్రయత్నాలేవీ సరిగా నిలవలేదని అదే పత్రికలో రాసి ఉంది. సభ రక్తి కట్టదని ఆ సంగతి మింగేశాను.

ముందు వరసలో ఓబన్న అనే రైతు లేచాడు. నలభై దాటిన మనిషి, ఎండకు మాడిన మొహం.

“అయివోరా,” అన్నాడు. పంతుళ్ళను అక్కడ అలాగే పిలుస్తారు. “ఆ రాకెట్టు మోడాల కంటే పైకి పోతాదా?”

“మబ్బులేం ఖర్మ, చాలా పైకి పోతుంది.”

“పోయేటప్పుడు మోడాన్ని పొడిస్తే వాన పడదా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, “ఎందుకు పడదు? ఆ విమానం ఏదో ఒకనాడు మన మీదికీ వస్తుందిలే” అన్నాను. చప్పట్లు కొట్టారు. కాలేజీలో పిల్లలు నన్ను రాకెట్ సార్ అని పిలవడం మొదలుపెడితే అదీ బాగానే ఉంది నాకు.

విత్తనాల కాలంలో ఆ ఊరి బడిపంతులు దగ్గర నుంచి కార్డు వచ్చింది. మొన్న ఒక విమానం ఆకాశంలో తెల్లటి గీత గీసుకుంటూ పోయిందనీ, అయివోరు చెప్పిన రాకెట్టు అదేనని ఓబన్న పొడి దుక్కిలోనే వేరుశనగ వేస్తానంటున్నాడనీ, నేనొచ్చి చెబితే ఆగుతాడనీ రాశాడు. ఆ నేలలో వాన పడి చాలినంత తేమ దిగాకే విత్తనం వేస్తారు. పొడి మట్టిలో వేస్తే చీమల పాలు, నాలుగు చినుకులు పడితే మొలిచి మాడిపోతుంది. ఓబన్నకు మరో గింజ లేదు. కిందటేడు పంట పోతే మొగుడూ పెళ్ళామూ గంజి కేంద్రం దగ్గర నిలబడ్డారు గాని, విత్తనాల బాన మూత తీయలేదట. కార్డు చదివాక అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు ధర్మవరం బస్సెక్కాను. టిక్కెట్టు రూపాయి లోపే. బస్సులో సగం మంది పట్టు మూటలు ఒళ్ళో పెట్టుకున్న మగ్గాలవాళ్ళు.

“యాడికప్పా?” అన్నాడు కండక్టరు.

“బత్తలపల్లె. కాస్త తొందరగా పోవాలి.”

“తొందర నీకుంటే చాల్నా? ఇంజనుకు నీళ్ళుండాల గదా!”

అన్నట్టే దారిలో ఇంజను పొగలు కక్కింది. క్లీనరు డబ్బా పట్టుకుని పక్క పల్లె బావి దగ్గరికి పోతే, అక్కడి ముసలమ్మ, “మనుషులకే లేవు, బస్సుకు పోయాల్నా?” అని తిట్టి పంపింది. ఇంకో బావి వెతికి వచ్చేసరికి గంట పోయింది. ఆ గంటా రోడ్డు పక్కన నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను. బత్తలపల్లెలో దిగేసరికి తొమ్మిదిన్నర. బండి దొరుకుతుందా అని టీ అంగడివాణ్ణి అడిగితే, “బండ్లుండాయి సామీ, ఎద్దులే లేవు. అమ్ముకున్యారు” అన్నాడు. నడిచాను. నాలుగు మైళ్ళలో పచ్చగా కనిపించింది కలబంద ఒక్కటే.

ఓబన్న చేను చూడగానే తెలిసిపోయింది. ఎర్రటి దుమ్ములో సాళ్ళు తీర్చినట్టు ఉన్నాయి. గట్టు మీద అతనూ భార్య నాగమ్మా ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నారు.

“ఎప్పుడు వేశావు ఓబన్నా?”

“నాలుగు దినాలాయ. రా అయివోరా, కూచో. విమానం మళ్ళ ఎప్పుడొస్తాది?”

ఒక్క గుక్కలో చెప్పేశాను. “రాదు. ఆ పోయింది మామూలు విమానం. రాకెట్టుకూ వానకూ సంబంధం లేదు. ఆ రోజు నేను నవ్వులాటకు అన్నాను.”

అతను నా మొహం కేసి తిరిగాడు. “నవ్వులాటకా?” అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

నాగమ్మ లేచి సాలులో కూర్చుని వేలితో మట్టి తవ్వింది. ఒక గింజ తీసి ఊది చూసింది. “నేల తడవలా. గింజ బాగనే ఉండాది. ఉన్నకాడికి ఏరుకుందాం రాండి” అంది.

ముగ్గురం ఏరాం. వాళ్ళు చిన్న పారలతో, నేను చేతులతో. చాలా చోట్ల గింజ ఉండాల్సిన చోట చీమలే ఉన్నాయి. మూడు గంటలకు లేవలేక లేచాం. గంపెడు గింజ పోసిన చేనులోంచి ఒక చిన్న మూట తిరిగి వచ్చింది. అందులోనూ సగం పార తగిలి పగిలినవి. పగిలిన గింజ మొలవదు.

ఇంటికి తీసుకుపోయి రాగిసంగటి పెట్టారు. పక్కన ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి, వేయించిన గింజల వాసన. చెయ్యి ఆగిపోయింది.

“నాగమ్మా, ఇవి...?”

“పగిలినవే అయివోరా. మొలిచేటివి కావు. ఇంటికొచ్చినోనికి వట్టి సంగటి ఎట్ల పెట్టేది? తిను.”

తిన్నాను. వద్దంటే వాళ్ళకు చిన్నతనం, తింటే నాకు సిగ్గు. చాలా రుచిగా ఉంది, అది ఇంకా బాధ.

ఆ రాత్రి పంతులు ఇంట్లో పడుకుని తెల్లవారి బయలుదేరితే, ఓబన్నా నాగమ్మా ఇంటికి తాళం వేస్తున్నారు. “మొలిస్తే ఈడే ఉందామనుకుంటిమి. ఇంక దేనికి? తాడిపత్రిలో బండల పని ఉండాదంట” అన్నాడు ఓబన్న. గంపలో సంగటి కుండ, పార, రెండు చీరలు, మిగిలిన మంచి గింజల మూట. నాగమ్మ తలగుడ్డ చుట్టుకుని, “అయివోరా, ఒక చెయ్యేయి” అంది. వంగి ఎత్తిపెట్టాను. చాలా బరువుంది.

ఓబన్న చూసి నవ్వాడు. కోపం లేదు అందులో. “ఎత్తిపెట్టేటోళ్ళు ఎవురన్నా వస్తారు అయివోరా,” అన్నాడు, “మోసేది మేమే.”

పది రోజులకు అనంతపురంలో మంచి వాన కురిసింది. ఆ ఊళ్ళోనూ పడిందని, ఓబన్న చేను ఊరికే తడిసిందని పంతులు రాశాడు. ఏరకుండా వదిలేస్తే మొలిచేదేమో. చీమలు మిగిల్చేవో లేదో. నాకు తెలియదు. వాళ్ళు తిరిగొచ్చినట్టు మాత్రం నేను వినలేదు. చాలా ఏళ్ళ తర్వాత విమానం నుంచి చిన్న రాకెట్టును నిజంగానే కక్ష్యలోకి పంపారని చదివాను. మనవడు ఫోనులో చూపించాడు కూడా. విమానం కింద నుంచి జారి, ఒక్క క్షణం పడిపోతున్నట్టు ఉండి, మంట చిమ్ముకుని పైకి పోయింది. వాడు చప్పట్లు కొట్టాడు. నాకు ఆ సంగటి ముద్ద గుర్తొచ్చి మంచినీళ్ళు అడిగాను.

ఆ పల్లెలకు పోయేవాళ్ళకు ఒక్క మాట. ధర్మవరం బస్సెక్కితే బత్తలపల్లెలో దిగొచ్చు, ఇప్పుడు నీళ్ళ కోసం ఆగే పని లేదు. కానీ వాన తప్పిన ఏడు పోతే మాత్రం మీ తిండి మీరు కట్టుకుపోండి. వాళ్ళు పెట్టకుండా పంపరు. ఏం పెడుతున్నారో మీరు అడిగితే తప్ప చెప్పరు.