రెండో గేరు పళ్ళు

గేరాయిల్ వాసన తగిలితే పరాయి దేశంలో, మంగఫ్ అనే ఊళ్ళోని మా ఇరుకు బాల్కనీ గుర్తొస్తుంది. ఒక శుక్రవారం నాన్న తన పాత బైకు గేర్‌బాక్స్ అక్కడే విప్పాడు.

“రెండో గేరు పళ్ళు అరిగిపోయాయే. వేరేది దొరక్కపోతే బండి ఖలాస్,” అన్నాడు అమ్మతో. బండి లేకపోతే ఆయన వారమంతా దూరాన సులైబియాలో, పని దగ్గరే ఉండిపోవాలి.

ముందురోజు ఊడిన నా పాలపన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. “ఇది అరగలేదు నాన్నా.”

నాన్న నవ్వలేదు. దాన్ని గేరు చక్రం పక్కన పెట్టి చూశాడు. “కొంచెం చిన్నదైపోయిందమ్మా. ఇనప పళ్ళు ఎతుకుదాం, పద.”

పాత సామాన్ల యార్డులో ఒక్కో చక్రాన్నీ నాకిచ్చి, పళ్ళు వేలితో తడిమి చూడమన్నాడు. చివరికి అరగనిది నేనే పట్టుకున్నాను. మర్నాటి నుంచి ఆయన మళ్ళీ రోజూ ఇంటికొచ్చాడు.

ఆ చక్రాన్ని ఆయన ముందే చూసి ఉంటాడని ఇప్పుడనిపిస్తుంది. నా వేలికి దొరికేదాకా ఆ ఎండలో ఊరికే నిలబడ్డాడు.