నేను దాచిన నలభై పేజీలు

ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పినదాన్ని, ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. రిటైరై ఆర్నెల్లు కాకముందే బోధన్‌లో మా ఇంటి దగ్గరున్న గ్రంథాలయానికి వెళ్లి, ఏదైనా పని చెప్పమని లైబ్రేరియన్ ప్రాణం తీశాను. ఆయనకూ ఒక తలనొప్పి ఉంది. పెద్దవాళ్ల కోసం ప్రతి శనివారం ఉచితంగా ఏదో ఒక సాంస్కృతిక కార్యక్రమం పెడుతున్నాడు పాపం. ఒక వారం పాటలు, ఒక వారం ఒగ్గుకథ, ఒక వారం డిచ్‌పల్లి నుంచి వచ్చిన అధ్యాపకుడి ఉపన్యాసం. వచ్చేది మాత్రం పొద్దున పేపరు కోసం వచ్చి ఫ్యాను కింద కునుకు తీసే నలుగురు పింఛనుదార్లే. ఉపన్యాసం రోజున వాళ్లలో ఇద్దరు గురక కూడా పెట్టారు.

నేను నవల చదివి వినిపిస్తాను, ఆడవాళ్లను పిలుచుకొస్తాను అన్నాను. లైబ్రరీ వెనక గల్లీలో ఇంటింటా బీడీలు చుడతారు. వెళ్లి పిలిస్తే, ఆకూ పొగాకూ ఉన్న చాట వదిలి వస్తే ఆనాటి పని ఎవరు చేస్తారని అడిగారు. న్యాయమైన మాటే. చాటలతోనే రమ్మన్నాను. పుస్తకాల మధ్యకు తంబాకా అని లైబ్రేరియన్ హడలిపోయాడు. చివరికి వరండాలో కూర్చునేటట్టు ఒప్పందం కుదిరింది.

మొదటి శనివారం ఐదుగురు వచ్చారు. నెల తిరిగేసరికి ఇరవై మంది అయ్యారు. చేతులు ఆకు చుట్టి దారం కడుతూనే ఉండేవి, చెవులు మాత్రం నాకిచ్చేవాళ్లు. కథలో అత్త నోరు పారేసుకుంటే ఆమెను తిట్టేవాళ్లు, మామకు సలహాలు చెప్పేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది, దాచడమెందుకు. వీళ్లకు నేను లేకపోతే పుస్తకమనేదే లేదనుకునేదాన్ని. ఎవరు ఎంత చదువుకున్నారని ఒక్కసారైనా అడగలేదు.

వాళ్లలో ఒకామె స్తంభాన్ని ఆనుకుని కూర్చునేది. నలభై దాటి ఉండవు. ఎక్కువ మాట్లాడదు. ఆమె భర్త మస్కట్ పోయాడని, నాలుగేళ్ల నుంచి ఫోన్ లేదని మిగతావాళ్లు నాకు చెప్పారు. ఒక శనివారం అందరూ లేచాక ఆమె ఆగి, ఒక సంగతి అడిగింది. కోటగిరిలో ఆడపిల్లల హాస్టలుకు వంటమనిషి కావాలట, అక్కడే ఉండటానికి గది కూడా ఇస్తారట, వాళ్లన్న మాట్లాడి పెట్టాడట. పోవాలని ఉంది. కానీ ఇంటికి తాళం వేసి పోతే, రేపు ఆయన వస్తే ఏమనుకుంటాడని అత్తగారి వైపు వాళ్లు అంటున్నారు. ఏం చేయమంటావని నన్ను అడిగింది.

నేనేదో పెద్దరికం వెలగబెడుతూ, తొందరపడకు బిడ్డా, కొన్నాళ్లు చూడు అన్నాను. ఏం చూడాలో నాకే తెలియదు.

అప్పటికి మేము చదువుతున్న నవల కూడా అలాంటిదే. నేను కావాలని ఏరలేదు. అట్ట చిరిగిన లావు పుస్తకం, అక్షరం పెద్దగా ఉందని తీసుకున్నాను. అందులో భర్త పని వెతుక్కుంటూ దూరదేశం పోతాడు, కొన్నాళ్లకు ఉత్తరాలు ఆగిపోతాయి. ఇల్లాలు ఎదురుచూస్తుంది. ఆ కథ మొదలైనప్పటి నుంచి స్తంభం దగ్గరి ఆమె ఒక్క శనివారం కూడా మానలేదు. జ్వరంతో కూడా వచ్చింది.

పాఠం ముందే చూసుకోవడం నా పాత అలవాటు. చివరి భాగం శుక్రవారం మధ్యాహ్నమే చదివేశాను. ఇంకా నలభై పేజీలున్నాయి. భర్త రాడు. అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని కబురొస్తుంది. ఆమె పది రోజులు మంచం దిగదు. తర్వాత లేచి, బస్టాండు దగ్గర టీ బండి పెట్టుకుని, తిట్లు తింటూ, తిడుతూ, తన బతుకు తాను బతుకుతుంది. స్తంభం దగ్గరి ఆమె మొహం మీద ఈ కబురు ఎలా చదవను? రాత్రి అన్నం సహించలేదు. పొద్దున లేచేసరికి ఒక నిర్ణయానికి వచ్చాను.

ఆ శనివారం నలభై పేజీలకు ముందే పుస్తకం వదిలేశాను. వదిలేశాననడం కూడా తప్పే. పుస్తకం చేతిలో పట్టుకుని, దానికేసి చూస్తూ, సొంతంగా చెప్పుకుపోయాను. బస్సు దిగి భర్త వచ్చాడు. జుట్టు నెరిసింది. గడపలో నిలబడి మంచినీళ్లు అడిగాడు. ఎందుకు రాలేకపోయాడో కారణాలు కూడా కల్పించాను. ఆడవాళ్లందరికీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వేళ్లకు తంబాకు ఉంటుంది కదా, మోచేతులతో తుడుచుకున్నారు. స్తంభం దగ్గరి ఆమె ఏడవలేదు. నావైపే చూస్తూ కూర్చుంది.

"గంతేనా టీచరమ్మా?" అంది.

"అంతే బిడ్డా" అన్నాను.

ఆ రోజు ఇంటికి పోయి కడుపునిండా తిన్నాను. ఒక మనిషికి ఆశ పోకుండా కాపాడాను అనుకున్నాను. తర్వాతి శనివారం నుంచి ఆమె రాలేదు. రెండు నెలలు రాలేదు. ఏదో పనిపడి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గల్లీ ఎంత దూరం, పోయి అడగవచ్చు. పోలేదు.

ఒక బుధవారం కొత్త నవల ఏరుకోవడానికి వెళ్లి కౌంటరు దగ్గర నిలబడ్డాను. ఆమె లోపలికి వచ్చి ఒక పుస్తకం బల్ల మీద పెట్టింది. అదే అట్ట చిరిగిన పుస్తకం. చివరి పేజీల్లో గుర్తుకు పెట్టిన, బీడీలు చుట్టే తునికాకు ముక్క బయటికి కనిపిస్తోంది. ఆమె లైబ్రరీ కార్డు తీసుకుని పుస్తకం పట్టుకుపోయిందని లైబ్రేరియన్ నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు.

ఆమె గొంతు పెంచలేదు. నన్ను వరండాలోకి పిలిచి మెల్లగా చెప్పింది.

"ఆ దినం ఆఖరికి నువ్వు అర్ధగంట సదివినవు టీచరమ్మా. ఒక్క కాగితం గూడ తిప్పలే. గప్పుడే అనుకున్న, గిది బుక్కుల లేదని. నేను నాలుగో తరగతి దాక సదివిన. కూడబలుక్కుంట సదివేవరకు గిన్ని రోజులు పట్టింది."

నీకు బాధ కలుగుతుందని అలా చేశానన్నాను. నా మాట నాకే చెడ్డగా వినిపించింది.

"ఆయన రాడని నాకెప్పుడో తెల్సు. రాకుంటే ఆమె ఎట్ల బతికిందో ఇందామనే ఒచ్చిన నేను" అంది.

ఆమె కోరింది ఆ నలభై పేజీలే. నేను తీసేసింది కూడా సరిగ్గా వాటినే. మిగతా ఆడవాళ్లకు కూడా అసలుది చదివి వినిపించమని చెప్పి వెళ్లిపోయింది.

ఆ శనివారం ఆమె కూడా వచ్చి స్తంభం దగ్గర కూర్చుంది. ఆడవాళ్ల ముందు నిలబడి చేసిన పని ఒప్పుకున్నాను. బళ్లో పిల్లలను నిలబెట్టి తప్పు ఒప్పించేదాన్ని, ఆ రోజు నా వంతు వచ్చింది. తర్వాత నలభై పేజీలూ చదివాను. టీ బండి దగ్గరికి వచ్చేసరికి అందరూ నవ్వుతున్నారు, కథలో ఇల్లాలి తిట్లను మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. ఒక ముసలమ్మ మాత్రం నా మొహం మీదే అనేసింది.

"మేమేమన్న సంటిపిల్లలమా నువ్వు దాసిపెట్టనీకి?"

అందరూ చాటలు సర్దుకుంటుంటే ఆ ముసలమ్మే నా పక్కకు వచ్చి ఇంకో మాట చెప్పింది. పుస్తకం తనంతట తాను చదివి ముగించిన మర్నాడే స్తంభం దగ్గరి ఆమె బట్టల సంచి సర్దుకుని, ఇంటికి తాళం వేసి, కోటగిరి బస్సెక్కిందట. హాస్టల్లో అప్పటికే వేరొకరిని పెట్టుకున్నారట. సాయంత్రానికి అదే సంచితో తిరిగొచ్చిందట.

ఆమె మెట్లు దిగుతుంటే వెనకే వెళ్లి పట్టుకున్నాను. ఆ రోజే అసలుది చదివి ఉంటే నువ్వు ముందే పోయేదానివి, నా వల్ల నీ పని పోయింది బిడ్డా అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె చాట చంకలో పెట్టుకుని, రెండో చేత్తో నా భుజం తట్టింది.

"ఊకో టీచరమ్మా. నాకు గూడ గాడికి పోబుద్ధి కాలే. పోకుంటేనే మంచిగయింది" అంది.

నేను బాధపడకూడదని అన్న మాట అది. నమ్మినట్టు తలూపాను.