నడుస్తున్న జీపుకు వైరు పీకిన రోజు

మొన్న చిరాగ్‌పల్లి దాటగానే మా కారు మీటర్ల మధ్య బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగింది. పక్కన ఆపి ఫోను చేస్తే ఎవరో మెకానిక్ పెట్టెతో వచ్చాడు. అతను ఆల్టర్నేటరు బెల్టు మారుస్తున్నంతసేపూ ఆ ఎర్రదీపాన్నే చూస్తూ, నేను ఎప్పటివో జొన్నచేల మధ్యకు, న్యాల్‌కల్ దారిలోకి జారిపోయాను.

పాత జీపులు నడిపినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బండిని లేపేది బ్యాటరీ. లేచాక ఇంజన్ బెల్టుతో తిరుగుతూ దీపాలనూ పాటలనూ పోషించి, బ్యాటరీ ఇచ్చినదాన్ని మళ్లీ నింపేది ఆల్టర్నేటరు. ఆల్టర్నేటర్లు రాకముందు ఆ పని చేసిన డైనమోల కాలంలో మేస్త్రీలు నడుస్తున్న ఇంజనుకు బ్యాటరీ వైరు పీకి చూసేవారు. బండి ఆగకపోతే అంతా బాగున్నట్టే. ఆ విద్య నాకు మా మేనమామ నేర్పాడు.

ఆ న్యాల్‌కల్ దారిలోనే నా పెళ్లిచూపులకు మామ జీపులో వెళ్లాం. ఆ జీపు నాదేనని, పొంగే వాగులో దాన్ని ఈదించానని ముందే కబురు పంపి ఉన్నాను. వాకిట్లో అందరి ముందూ ఇంజన్ నడుస్తుండగానే వైరు పీకాను. జీపు ఆగలేదు. అరుగు మీది ముసలమ్మ నాకు దండం పెట్టిందని నేటికీ చెబుతుంటాను. మామ దానికి డైనమో తీయించి ఆల్టర్నేటరు వేయించిన సంగతి ఆ ఊపులో మరిచాను. బ్యాటరీ ఆసరా తప్పిన ఆల్టర్నేటరు ఒక్కసారిగా కరెంటు ఎగదన్ని తనను తానే కాల్చుకుంటుందని నాకేం తెలుసు? వైరు మళ్లీ బిగించి, గొప్ప కోసం పట్టపగలే పెద్ద దీపాలు వేసి, భోజనాలయ్యేదాకా ఇంజనూ పాటలూ ఆపనే లేదు. పాపం, బ్యాటరీ ఇస్తూనే ఉంది, నింపేవాడు లేడు.

సెలవు తీసుకునే మాటలు వినబడాలని మామ వెళ్లి ఇంజన్ ఆపాడు. మళ్లీ తాళం తిప్పితే టక్కుమంది, అంతే. నా జీపు ఖరాబు చేసినవు కదరా అని అందరి ముందూ నన్ను తిట్టేశాడు. ఎవరి జీపో అందరికీ తెలిసిపోయింది. పిల్ల తండ్రి తువ్వాలు దులుపుకొని లేచాడు. సంబంధం పోయిందనుకున్నాను.

అప్పుడు ఆ ఇంట్లో ట్రాక్టరు నడిపే ఆ పిల్లే మెట్లు దిగి వచ్చింది.

“జీపు ఎవలిదైతేంది నాయినా, ముందుగాల నూకుండ్రి,” అంది. స్టీరింగు దగ్గరికి పోబోతున్న నన్ను చూసి, “నువ్వు గూడ ఎనకకే రా,” అంది.

మామ స్టీరింగు పట్టాడు. ఇద్దరం పక్కపక్కనే నూకుతుంటే మెల్లగా అడిగింది, వాగు సంగతన్నా నిజమేనా అని. అదీ కాదన్నాను. ఆమె నవ్వింది, ఆ కుదుపుకే ఇంజన్ లేచింది.

మొన్న కారులో నా పక్కన కూర్చున్నది ఆమే. ఆనాడు నూకింది ఊరంతా అంటాను నేను. ఏడుగురే అంటుంది ఆమె. ఏడుగురే కావచ్చు. ఇప్పుడు బండి ఆగితే ఏడుగురి చేతులెక్కడివి, వాటితో పనీ లేదు. మెకానిక్ మా ముఖాలైనా చూడకుండా వెళ్లిపోయాక, ఊరికే దిగి కారు వెనక చెయ్యి ఆనించి నిలబడ్డాను. కాసేపటికి చూస్తే, పక్కనే ఆమె చెయ్యి కూడా ఉంది.