అత్తమ్మ కూర్చిన జూమర్

మన్సూరాబాద్‌లో ఇల్లు కట్టుకుంటున్నప్పుడు నేనే పట్టుబట్టి హాలు పైకప్పును రెండంతస్తుల ఎత్తున పెట్టించాను. శ్లాబు పోసే రోజు మేస్త్రీ చేత నడిమధ్యలో లావుపాటి ఇనుప కొక్కెం వేయించాను. గృహప్రవేశమై ఏడాది దాటినా ఆ కొక్కేనికి ఏమీ వేలాడలేదు.

"గోడలకు ఎల్‌ఈడీలున్నయి గద. ఇంకేం గావాలె నీకు?" అనేవారు మా ఆయన.

నాకు జూమర్ కావాలి, పైకప్పు నుంచి వేలాడే పెద్ద దీపాల గుత్తి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా అమ్మానాన్నలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. చిన్నప్పుడు ట్యూషన్ నుంచి వస్తూ మెయిన్ రోడ్డు మీద లైట్ల షాపు అద్దం ముందు ఆగిపోయేదాన్ని. లోపల వేలాడే జూమర్లను చూస్తుంటే మెడ నొప్పి పుట్టేది గానీ కాళ్లు కదిలేవి కావు.

చివరికి ఒక ఆదివారం ఆయన ఒప్పుకున్నారు. బయల్దేరుతుంటే మా అత్తమ్మ కూడా చీర మార్చుకుని వచ్చింది. "నేనొక్కదాన్ని ఇంట్ల ఉండి ఏం జెయ్య? నేను గూడ ఒస్త."

అత్తమ్మది పోచంపల్లి దగ్గరి చేనేత కుటుంబం. మామయ్య పోయాక మా దగ్గరికి వచ్చేసింది. మగ్గం మామయ్యదైతే, ఆసు అత్తమ్మది. చీర మీద డిజైను రావాలంటే రంగులద్దే ముందే నూలుపోగును మేకులు కొట్టిన చట్రం మీద వరసగా చుట్టాలి. ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. అత్తమ్మ పెళ్లి కాకముందు నుంచీ అదే పని చేసింది. కుడి భుజం అరిగిపోయి డాక్టరు వద్దన్నాకే ఆపింది.

షాపు గుమ్మం దగ్గర అత్తమ్మ ఆగి చెప్పులు విప్పేసింది. "పర్వాలేదమ్మా, చెప్పులతోనే రండి" అన్నాడు షాపాయన. ఆమె వినిపించుకోలేదు. తలెత్తి, చేతులు వెనక్కి కట్టుకుని నెమ్మదిగా నడుస్తోంది. పైనుంచి పడే వెలుగులో ఆమె తెల్లజుట్టు బంగారు రంగుకు తిరిగింది. నేను జూమర్లను వదిలేసి ఆమెనే చూస్తుండిపోయాను.

నాకు ఇత్తడి కొమ్మలది నచ్చింది. ఆయనకు ఉంగరాల్లా గుండ్రంగా ఉండే ఎల్‌ఈడీది నచ్చింది. మేమిద్దరం వాదించుకుంటుంటే అత్తమ్మ మూలన వెలిగించకుండా ఉన్న పెద్ద జూమర్ కింద నిలబడి పిలిచింది. ఐదు చట్రాలు ఒకదాని కింద ఒకటి, వాటి చుట్టూ నిలువుగా గాజుపూసల సరాలు.

"ఇగో, గీ సరం తప్పున్నది" అంది షాపాయనతో.

"ఏం తప్పమ్మా?"

"అన్నిట్ల పెద్ద పూస తర్వాత రెండు చిన్నయున్నయి. గిండ్ల మూడు బడ్డయి."

షాపాయన స్టూలెక్కి లెక్కపెట్టాడు. నిజంగానే మూడున్నాయి. "ఆర్నెల్లయింది ఇది వేలాడదీసి. ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదమ్మా" అన్నాడు. దాన్ని వెలిగించమన్నాను. వెలిగాక ఇక మేం వాదించుకోలేదు, అలాంటిదే కొత్తది పంపమన్నాం.

మూడు రోజులకు సరుకు పెట్టెల్లో వచ్చింది. వెంట షాపు పంపిన ఫిట్టర్, నడివయసు మనిషి. ముందు కొక్కేనికి తాడు కట్టి తానే వేలాడి చూశాడు. "మీరు గూడ పట్టుకోండి సార్" అని మా ఆయన్నీ వేలాడదీశాడు. ఆఫీసు బట్టల్లో తాడు పట్టుకుని ఊగుతున్న కొడుకును చూసి అత్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

సాయంత్రానికి చట్రాలు పైకెక్కాయి. కానీ పూసల పెట్టె తెరిచేసరికి లోపల పొట్లాలన్నీ చిరిగి, ఆరు సైజుల పూసలూ కలిసిపోయి ఉన్నాయి. ఫిట్టర్ తల పట్టుకున్నాడు.

"గివన్నీ ఏరి సరాలు గుచ్చాల్నంటే నాతోని గాదు మేడం. వాపస్ పంపిస్తె కంపెనీ నుంచి కొత్తయి వచ్చేదాంక నెల రోజులు పడ్తది."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. అత్తమ్మ పెట్టెలో ఉన్న కాగితం అందుకుంది. దాని మీద చైనా అక్షరాలు, గళ్లల్లో గుండ్రటి బొమ్మలు. ఆమెకు తెలుగే చదవడం రాదు. ఆ కాగితాన్ని మాత్రం వేలితో పైనుంచి కిందికి తడుముతూ చాలాసేపు చూసింది.

"మా డిజైను కాయితం గూడ గిట్లనే గళ్లగళ్లుంటది. ఐతారం నాటికి రా కొడుకా" అంది ఫిట్టర్‌తో.

మర్నాడు హాల్లో మామయ్య పాత ధోవతి పరిచి పూసలు పోసింది. నేను స్కూలుకు సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను. ఆమె ఏరి వరస పెడితే, నేను సన్నటి తీగ కొక్కేలతో ఒకదానికొకటి తగిలించాలి. నేను సరం కట్టి చూపిస్తే లెక్కపెట్టకుండానే, చేత్తో ఒకసారి నిమిరి, "ఇక్కడ తప్పినవ్ బిడ్డా" అనేది. కళ్లతో కాదు, వేళ్లతో చూస్తోంది. ఇరవయ్యేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. లెక్క అలా వేళ్లలోకి దిగిపోవడం నేనెక్కడా చూడలేదు.

"భుజం నొప్పి లేదా అత్తమ్మా?" అని అడిగాను.

"ఉన్నది. కానీ గిది వేరే. ఆసు పోసినప్పుడు చీర మనకు కనబడదు బిడ్డా, దారమే కనబడ్తది. ఎవరు కట్టుకుంటరో ఏమో. గిదైతే మనింట్లనే ఉంటది."

మూడు రోజులు పట్టింది. ఆదివారం ఫిట్టర్ వచ్చి, ధోవతి మీద చాప అల్లినట్టు పరుచుకున్న సరాలను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "గిదంతా మీరే జేసిన్రా అమ్మా?" అన్నాడు. తర్వాత ఆమె కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెబుతుంటే, నిచ్చెన మీదినుంచి "ఆఁ అమ్మా, ఆఁ అమ్మా" అంటూ ఒక్కొక్కటీ తగిలించాడు.

పొద్దు గూకుతుండగా పని పూర్తయింది. "నువ్వే వెయ్యమ్మా" అని మా ఆయన అత్తమ్మ చేతిని స్విచ్ దగ్గరికి తీసుకెళ్లారు.

వెలిగింది. షాపులో చూసిన వెలుగు కాదది. నాలుగు గోడల మీదా, మెట్ల మీదా, మా ముఖాల మీదా చిన్న చిన్న ఏడు రంగుల ముక్కలు వాలాయి. ఫ్యాను గాలికి సరాలు కదిలినప్పుడల్లా ఇల్లంతా కదులుతున్నట్టుంది. ఫిట్టర్ ఫోనుతో ఫొటో తీయబోయి, తీయకుండానే చెయ్యి దించేశాడు.

అత్తమ్మ ఒక్కతే రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కింది. మోకాళ్ల నొప్పుల వల్ల పై అంతస్తుకు ఆమె ఎప్పుడూ రాదు. జూమర్‌కు సమానమైన ఎత్తులో, పైమెట్టు మీద కూర్చుంది.

"కింద జూస్తే ఒక తీరుగున్నది. ఈడికెల్లి జూస్తే ఇంకో తీరుగున్నది. జర నువ్వు గూడ ఒచ్చి సూడు బిడ్డా" అని పిలిచింది.

అన్నానికి దిగి రమ్మంటే రాలేదు. నేనే ఇద్దరికీ కంచాల్లో పెట్టుకుని పైకి వెళ్లి, ఆ మెట్టు మీదే ఆమె పక్కన కూర్చున్నాను.