తూకాలాయన తగ్గలేదు

ఎదుటివాళ్ళ నోట్లో చెంచా పడందే తూకాలాయన తన నోరు తెరవడు. ఆ మనిషికున్న పిచ్చి అదొక్కటే. ఇల్లాలి ప్రాణం తోడెయ్యడానికి ఆ ఒక్కటీ చాలు.

ముప్ఫై ఏళ్ళు కాటాలు బాగుచేసిన చేతులు. నరాల జబ్బొచ్చి రెండేళ్ళలో ఆ చేతులూ పోయాయి, కాళ్ళూ పోయాయి. మెడ నిలవదు. మాట ముద్దముద్దగా వస్తుంది గానీ, పొగరు మాత్రం స్పష్టంగానే వస్తుంది.

"నరాలు కబురు పంపడం మానేసేసరికి మీ కండరాల తీరు మారిపోయింది," అంది డాక్టరమ్మ. "చక్కెర వాడకం తగ్గించి కొవ్వు కాల్చడం మీద పడ్డాయి. మీరు కదలకపోయినా ఒళ్ళు మామూలుకన్నా ఎక్కువ కాలుస్తోంది. యాభై కిలోల కిందికి దిగారంటే పొట్టకి తిండి గొట్టం పెట్టేస్తాను."

"అంటే కుర్చీలో కూర్చునే పరుగు పందెం పెట్టుకున్నానన్నమాట! పరిగెత్తనీండి, మేపుతాను. గొట్టం మాత్రం నా దరిదాపులకి రాకూడదు."

ఆ రోజు నుంచీ ఇంట్లో వెన్నా, గుడ్లూ, మీగడా రాజ్యమేలాయి. ఇల్లాలు చెంచా ఎత్తగానే, "ముందు నువ్వు," అనేవాడు.

"నాకెందుకండీ? జబ్బు మీకు!"

"అయితే నోరు మూశా."

మూశాడంటే మూశాడే. చచ్చినట్టు ఆవిడ తినాల్సి వచ్చేది, అదీ వంటింటికీ మంచానికీ మధ్య పరుగెత్తుతూ, సగం చెంచా. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషి కూడా వెన్న రాసిన రొట్టె తినిగానీ గుమ్మం దాటలేదు. వ్యాయామం చేయించే అమ్మాయైతే, "బొత్తాలు పట్టడం లేదు బాబాయిగారూ!" అని లబోదిబోమంది.

తూకం రోజు వచ్చింది. చక్రాల కుర్చీతో సహా ఆయన్ని ఆస్పత్రి కాటా ఎక్కించారు. ఆయన మెడ పట్టుకుని వెనకాల ఆవిడా కాటా మీదే నిలబడింది. ఎప్పుడూ అంతే. వచ్చిన దాంట్లోంచి కుర్చీ బరువు పదిహేను కిలోలూ, ఆవిడ బరువు అరవై కిలోలూ తీసేస్తారు.

"నూట ఇరవై నాలుగు. అంటే మీరు నలభై తొమ్మిది," అంది డాక్టరమ్మ మెల్లగా. "పోయినసారికన్నా మూడు కిలోలు తగ్గారు."

ఆవిడ కాటా అంకె వంక మళ్ళీ చూసింది. ఇంత తినిపించినా ఇంతేనా?

"నేను తగ్గలేదు," అన్నాడాయన.

"ఏమండీ, మొండికెయ్యకండి."

"ఖాళీ లారీని తూచకుండా సరుకు బరువు ఎలా చెబుతారు? ముందు లారీని తూచండి!"

"నేను లారీనా?" అని కస్సుమంటూనే ఆవిడ ఒక్కతే ఎక్కింది. యాభై ఆరు.

డాక్టరమ్మ మళ్ళీ లెక్క కట్టింది. "ఈయన యాభై మూడు. కిలో పెరిగారు! తగ్గింది మీరమ్మా, నాలుగు కిలోలు."

"మూడు నెలలుగా మొత్తుకుంటున్నా," అన్నాడు తూకాలాయన. "తినవే అంటే, 'నా సంగతి వదిలెయ్యండి' అంటుంది. అందుకే నోరు మూశా. నన్ను ఎత్తీ దించీ కరిగిపోతోంది. ఎదురుగా కూర్చున్నవాడికి కనిపించదా? నా కండలు ఎలాగూ మాట వినవు, దాని కండలు ఎలా పోతాయో నేనూ చూస్తా!"

ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"చెబితే తింటావా?"

డాక్టరమ్మ గొట్టం కోసం తీసిన కాగితం పక్కన పడేసి కొత్త చీటీ తీసింది. "అమ్మా, ఇది మీకు," అంటూ రాయడం మొదలుపెట్టింది.