ఆనపకాయకి చలికాలం

ఇప్పుడంటే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి, ఆనపకాయని గోటితో గుచ్చి చూసి, ముదురుదని పక్కన పడేసి మరీ వస్తున్నాం గానీ, ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర మేము ఒహాయోలో కాపురం పెట్టినప్పుడు, ఆనపకాయ అనేది కలలో కనపడితే మర్నాడు ఫోన్ చేసి చెప్పుకునే వస్తువు. మా ఊళ్ళో అప్పటికి నాలుగే తెలుగు ఇళ్ళు. మిగతా ముగ్గురు ఆడవాళ్ళకీ డిగ్రీలున్నాయి. వరంగల్ వదినైతే (వరస కలిసి కాదు, ఆవిడ వాళ్ళ ఊరి కబుర్లు తప్ప వేరే చెప్పేది కాదు, అందుకని ఆ పేరు) ఎం.ఏ. దాకా చదివింది, వాళ్ళాయన డాక్టరు. నేను ఏడో తరగతి మధ్యలో మానేసినదాన్ని. ఆదివారం అందరం కలిస్తే వాళ్ళు ఇంగ్లీషు పత్రికల్లో సంగతులు మాట్లాడుకుంటుంటే నేను లేచి వెళ్ళి పప్పు కలిపి వచ్చేదాన్ని. అలాంటి నాకు మా ఆడపడుచు ఉత్తరంలో నాలుగు ఆనపగింజలు పెట్టి పంపింది. పోస్టాఫీసులో ముద్ర గుద్దేటప్పుడు మూడు చితికిపోయాయి. నాలుగోది మొలిచింది. మా ఆయన పెరట్లో బట్టలారేసే స్తంభాలకి వల కట్టి పందిరి వేసిచ్చారు. జూలైకల్లా పందిరి నిండింది. ఆ వేసవి నన్ను ఎవరూ ఏం చదివావని అడగలేదు, ఎన్ని కాశాయని అడిగారు. వాళ్ళకి చదువులుండేవి, నాకు ఆనపపాదు ఉండేది.

విత్తనానికి మొదటి కాయ వదిలెయ్యాలని మా అమ్మ దగ్గర చూసి నాకు తెలుసు. తెలిసీ వదల్లేదు. మొదటి కాయ పులుసు పెట్టాను, రెండోది వరంగల్ వదినకిచ్చాను, అలా ఒక్కొక్కటే పోయింది. ఆగస్టు ఆఖరికి గానీ బుద్ధి రాలేదు. అప్పుడొక పిందెకి ఎర్రదారం కట్టి దీన్నెవరూ ముట్టుకోవద్దన్నాను. అక్టోబరు ఆఖరి వారానికి అది చంకలో పెట్టుకునేంత కాయైంది గానీ ఇంకా లేత పచ్చగానే ఉంది. గింజ ముదరాలంటే మరో నెల తీగ మీద ఉండాలి. అంతలో టీవీలో వాతావరణం చెప్పే అతను ఈ వారంలోనే మంచు పేరుకుంటుందన్నాడు. ఇరుగుపొరుగు వాళ్ళంతా టమాటా మొక్కలు పీకేసి, నీళ్ళ గొట్టాలు చుట్టి లోపల పెట్టుకుంటున్నారు. మా ఆయన పందిరి కూడా తీసేస్తానన్నారు. ఆడపడుచుకి మళ్ళీ రాద్దామంటే, ఉత్తరంలో గింజలు పెట్టినందుకు అక్కడి పోస్టుమాస్టరు మందలించాడట, ఇంక పంపనని ముందే రాసేసింది. ఇవతల ముగ్గురికీ గింజలిస్తానని మాట ఇచ్చి ఉన్నాను. ఆ కాయ పోతే గింజలూ పోతాయి, నేను మళ్ళీ పప్పు కలపడానికి పోవాలి.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఒక్కరే ఉండేవారు. మేం లైట్ల తాతగారు అనేవాళ్ళం. క్రిస్మస్‌కి ఆ వీధిలో అందరికన్నా ఎక్కువ లైట్లు ఆయన ఇంటికే. నవంబరు ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ మర్నాడు వెలిగించేవారు, ఒక్కరోజు ముందు కాదు, ఒక్కరోజు తర్వాత కాదు, వీధిలో ఇంకెవరైనా ముందు వెలిగించినా మొహం గంటు పెట్టుకునేవారు. ఆ రోజు గ్యారేజీ ముందు కూర్చుని తీగల చిక్కులు తీసి బల్బులు సరిచూసుకుంటున్నారు. అప్పటి బల్బులు ఇప్పటివాటిలా చల్లటివి కావు, ఒక్కొక్కటి ఉసిరికాయంత, వెలిగిస్తే చుర్రుమనేవి. పలకరిద్దామని వెళ్ళి ఒకదాని మీద చెయ్యి వేసి ఠక్కున తీసేశాను. చెయ్యి ఊదుకుంటూ ఉండగానే ఆలోచన వచ్చింది. రెండు దండలు కావాలని అడిగాను. కొత్తగా వచ్చినవాళ్ళు పండగ చేసుకుంటారు కాబోలని ఆయన తెగ సంతోషపడి, ఎప్పుడు వెలిగించాలో, ఎలా కట్టాలో చాలాసేపు చెప్పారు. నేను అన్నిటికీ ఎస్, ఎస్ అన్నాను. (ఆ రోజుల్లో నేను టెలిఫోన్లో వస్తువులు అమ్మేవాళ్ళకి కూడా ఎస్ అనేదాన్ని. అలా వచ్చిన ఒక దుప్పట్ల సెట్టు మా ఇంట్లో చాలాకాలం ఉంది.)

మా ఆయన ఆఫీస్ నుంచి వచ్చేసరికి పెరట్లో పందిరంతా ఎరుపూ పచ్చా నీలం. దాని మీద నా నేతచీరలు రెండు కప్పి ఉన్నాయి. ఆయన బూట్లు విప్పకుండానే వెనక గుమ్మంలో నిలబడిపోయారు.

"ఏమిటది?"

"ఆనపకాయకి చలేస్తుందని."

"దానికి చలేస్తే దీపావళి చేస్తావా?"

"దీపావళి కాదండీ. కుంపటి అనుకోండి."

"చీర అంటుకుంటే?"

"పాత చీరేలెండి."

"నేనడిగింది చీర గురించి కాదే, ఇంటి గురించి."

ఈ లోపు రోడ్డు మీద కార్లు మా ఇంటి దగ్గర నెమ్మదించడం మొదలైంది. ఎదురింటావిడ పిల్లల్ని వెంటేసుకుని వచ్చి ఇది మీ పండగా అని అడిగింది. మా ఆయన సిగ్గుపడుతూ అవునన్నారు. ఆవిడ వెళ్ళగానే కంచె అవతల లైట్ల తాతగారు కనపడ్డారు, చేతులు కట్టుకుని. "ఇంకా హాలోవీన్ కూడా కాలేదు," అన్నారు, అంతే. నేను చీర ఎత్తి కాయని చూపించాను. ఆయన కంచె దాటి వచ్చి, కాయ కింద చెయ్యి పెట్టి బరువు చూశారు. ఎర్రదారం చూశారు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. లైట్లు విప్పుకుపోడానికి నిచ్చెన తెస్తారనుకున్నాను. తెచ్చింది నిచ్చెనే గానీ భుజం మీద ఒక పాత బొంత కూడా ఉంది. మా ఆయనతో అన్నారు, "వేడి పైకి పోతుంది. కింద కట్టాలి. మా నాన్నకి పొలం ఉండేది." ఇద్దరూ కలిసి బల్బులన్నీ చీరకి తగలకుండా కిందికి దించి కట్టారు. మా ఆయన ఇంజనీరు, ఆ సంగతి తనకి తట్టనందుకు రెండు రోజులు ముభావంగా ఉన్నారు.

మూడు వారాలపైన రోజూ సాయంత్రం దీపాలు పెట్టేదాన్ని. ఊళ్ళో మొక్కలన్నీ ఉడకబెట్టినట్టు నల్లబడితే మా పందిరి కింద మాత్రం గదంత పచ్చగా ఉండేది. థాంక్స్‌గివింగ్ ముందు పెద్ద మంచు కురిసినప్పుడు ఇంక లాభం లేదని కాయ కోశాం. సరిగ్గా థాంక్స్‌గివింగ్ మర్నాడు, తాతగారే వచ్చి ఆ దండలు మా వీధి వరండాకి కట్టి వెళ్ళారు. అది మా మొదటి క్రిస్మస్. కాయని బేస్‌మెంట్‌లో హీటర్ పక్కన వేలాడదీస్తే జనవరికి గలగలమంది.

ఒక మధ్యాహ్నం, మా ఆయన ఆఫీస్‌లో ఉండగా, పగలగొట్టాను. దోసెడు గింజలు. గిన్నెలో నీళ్ళు పోసి వేశాను. గట్టి గింజ మునుగుతుంది, తాలు గింజ తేలుతుంది. దాదాపు అన్నీ తేలాయి. అడుగున పదకొండు ఉన్నాయి. నాలుగుసార్లు కలిపి చూశాను, పన్నెండోది దిగలేదు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను. మునిగినవాటిలో అయిదు తాతగారికిచ్చాను, ఆయన రుణం ఆయనది. ఆరు నేనుంచుకున్నాను. తేలినవాటిని శుభ్రంగా ఆరబెట్టి, మూడు పొట్లాలు కట్టి, పసుపు బొట్టు పెట్టి, ముగ్గురికీ పంచాను.

ఆగస్టులో వరంగల్ వదిన మా ఇంటికి వచ్చింది. మా పందిరి చూసింది. పక్కింటి గ్యారేజీ మీద వేలాడుతున్నవీ చూసింది.

"నీ తాన కాసినయంటే సరే వదినా. గా తెల్ల తాత తాన గూడ కాసినయి. నా తాన ఒక్కటన్న మొలవలే. నేనేం పాపం జేసిన?"

"నీళ్ళు ఎక్కువ పోసుంటావు."

"పొయ్యలే."

"అయితే తక్కువ పోసుంటావు."

ఆవిడ నన్ను వదిలేసి నేరుగా తాతగారి దగ్గరికి వెళ్ళి, చక్కటి ఇంగ్లీషులో కిటుకేమిటని అడిగింది. ఆయన గ్యారేజీ వెనక కుళ్ళబెట్టిన ఆకుల గుట్ట చూపించారు. అంతే, ఆ ఆదివారం ముగ్గురూ సంచులతో వచ్చారు. డాక్టరుగారి కొత్త కారు డిక్కీ నిండా కుళ్ళిన ఆకులూ, వానపాములూ. నేనే సంచి మూతులు పట్టుకున్నాను.

ఆ ఏడు బుద్ధిగా మొదటి కాయే వదిలాను. గింజలన్నీ మునిగాయి. ముగ్గురికీ గుప్పెళ్ళతో పంచాను, అందరిళ్ళలోనూ మొలిచాయి. పేరు మాత్రం ఆకులకి వచ్చింది. ఈనాటికీ ఎక్కడ నలుగురు చేరినా వరంగల్ వదిన కొత్తగా వచ్చిన అమ్మాయిలకి ఆకులెలా కుళ్ళబెట్టాలో చెప్తుంది. మొన్న వాళ్ళ మనవరాలి పుట్టినరోజుకి కూడా చెప్పి, నా వైపు తిరిగి, "నిజమా కాదా, నువ్వే చెప్పు వదినా," అంది. నిజమే అన్నాను.

చెప్పేస్తే కోప్పడదని తెలుసు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంది. (ఆవిడకి ఇప్పుడు చిన్న అక్షరాలు ఆనవు, అందుకే ధైర్యంగా రాస్తున్నాను. చదివినవాళ్ళు చేరవెయ్యకండి.) చెప్పాలనుకున్నప్పుడల్లా నాకు సింకు దగ్గర ఇరవై మూడేళ్ళ అమ్మాయి కనపడుతుంది. ఇంట్లో ఎవరూ లేకపోయినా గుమ్మం వైపు ఒకసారి చూసి, తేలిన గింజల్ని గరిటెతో వేరే పళ్ళెంలోకి తీస్తూ ఉంటుంది. ఆ పిల్లని ఇంతకాలం తర్వాత పట్టివ్వబుద్ధి కాదు.