వాగ్దాన దేశపు ఆట

ఆదివారం పూట ప్రార్థన మందిరంలో పిల్లలకు బైబిలు కథలు చెప్పే పని, కాపురానికి వచ్చిన కొత్తలోనే టైలరమ్మ చేతికి వచ్చింది. వచ్చాక ఆమె దాన్ని ఇంకెవరి చేతికీ పోనివ్వలేదు. మిగిలిపోయిన గుడ్డముక్కలతో గొర్రెల్నీ, ఓడనీ, రెండుగా చీలిన సముద్రాన్నీ కుట్టుకుని, బట్ట చుట్టిన పలక మీద ఒక్కొక్కటే అంటిస్తూ కథ నడిపేది. రాక్షసుడంతటి గొల్యాతు కూలేటప్పుడు ఆమె బల్ల మీద చరిచే చరుపుకి వెనక వరుసలో కునుకు తీసే పెద్దలు కూడా ఉలిక్కిపడి లేచేవాళ్ళు. "కథంటే మా పెద్దకోడలే చెప్పాలి" అని అత్తగారు నలుగురిలో అనేది. ఆ మాటతో టైలరమ్మకు వారానికి సరిపడా కడుపు నిండేది.

ఆమె తోడికోడలు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేది. నోట్లో నాలుక లేని మనిషి, చేతులు మాత్రం ఊరుకోవు. ఫ్యాక్టరీలో పారేసే అట్టల్ని తెచ్చి, ఆరు మూలల బిళ్ళలుగా కోసి, రంగులు వేసి ఒక ఆట తయారుచేసింది. దీవిలో దారులు వేసి, ఊళ్ళు కట్టి, సరుకులు మార్చుకునే ఆట ఒకటి బజార్లో ఉంది. ఈమె దీవిని తీసేసి, దేవుడు తన ప్రజలకిస్తానన్న వాగ్దాన దేశాన్ని పెట్టింది. ఆడేవాళ్ళు ఒక్కొక్కరూ బైబిల్లోని ఒక్కో గోత్రం. పాచికలు వేసి గోధుమలు, గొర్రెలు, రాళ్ళు సంపాదించుకోవాలి. కొండమీద మందిరం ముందుగా ఎవరు కడితే వాళ్ళదే గెలుపు.

మొదట పిల్లలు కథ అయ్యాక ఆడేవాళ్ళు. తర్వాత కథ ఎప్పుడవుతుందా అని చూడటం మొదలుపెట్టారు. టైలరమ్మ గొల్యాతును ఇంకా పడగొట్టకముందే, "ఆంటీ, వాడు చచ్చిపోతాడుగా, మేం వెళ్ళొచ్చా?" అంది ముందు వరుసలోని పిల్ల. అది చాలదన్నట్టు అత్తగారు కూడా కళ్ళజోడు సర్దుకుని ఆ బల్ల దగ్గర చేరి, "యూదా గోత్రం నాది, ఎవరూ ముట్టుకోకండి" అని పేచీ పెట్టేది.

టైలరమ్మ ఇక ఊరుకోలేదు. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, "పాచికలంటే జూదం కాదా అయ్యగారూ?" అని అడిగింది. ఆయన నవ్వి, "చీట్లు వేసి దేశం పంచుకోలేదామ్మా బైబిల్లో ఆ గోత్రాలవాళ్ళు? వచ్చే ఆదివారం పక్క సంఘాల పెద్దలు ఈ ఆట చూడ్డానికే వస్తున్నారు" అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆ వారమే తోడికోడలు ఆమె కుట్టుమిషను పక్కన వచ్చి నిలబడింది. "అక్కా, ఆటలో ఊళ్ళకీ దారులకీ గొర్రెలకీ చేసిన చెక్కముక్కలు పోసుకోడానికి సంచులు కావాలి. నీ చేత్తో కుట్టిస్తే నాకు ధైర్యం."

"కుడతాలే, అక్కడ పెట్టు" అంది టైలరమ్మ తల ఎత్తకుండా. కుట్టింది కూడా. బయటికి అందంగా అంచుపట్టీ వేసింది. అడుగున మాత్రం కుట్టు పొడుగు పెట్టి, దారం ముడి వెయ్యకుండా వదిలేసింది.

పెద్దలు వచ్చారు. తోడికోడలు సంచి పైకి ఎత్తగానే అడుగు విచ్చుకుంది. ఊళ్ళూ దారులూ గొర్రెలూ గలగలమని నేల మీద పడి, బెంచీల కిందకి దొర్లిపోయాయి. అతిథులు కోట్లు ఎత్తిపట్టుకుని మోకాళ్ళ మీద వెతకాల్సి వచ్చింది. టైలరమ్మకు లోపల తియ్యగా అనిపించింది, కానీ ఒక్క క్షణమే. ఎవరో ఆడమనిషి సంచి తిరగేసి చూసి, "ఇది మన టైలరమ్మ కుట్టేనా? నా కూతురి గౌను ఈమెకే ఇచ్చానే!" అంది.

టైలరమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. అప్పుడు తోడికోడలు, "అక్క తప్పేం లేదండీ, నేనే పట్టనన్ని కుక్కాను" అని సర్దిచెప్పింది. అందరూ అయ్యో పాపం అన్నారు, చిన్నకోడలి మంచితనాన్ని మెచ్చుకున్నారు. చివరికి ఆ మంచిపేరు కూడా దానికేనా అని టైలరమ్మకు ఇంకా మండింది.

మర్నాడు టైలరమ్మే సంచులు తీసుకుని తోడికోడలి వంటింట్లోకి వెళ్ళింది. వాటికి ముందే జంటకుట్టు వేసి, అడుగున మందపాటి గుడ్డ కూడా కలిపింది.

"నేను కావాలనే అలా కుట్టాను" అంది గుమ్మంలోనే నిలబడి.

"తెలుసక్కా. ముడి లేని దారం నీ మిషను మీంచి ఎప్పుడన్నా వచ్చిందా?"

"మరి అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నీకు గిరాకీ పోదూ?" గిన్నె తోముతూనే అంది. గిన్నె బోర్లించి, "నాకు కోపం రాలేదనుకోకు. రాత్రి అన్నం సయించలేదు" అంది.

తోడికోడలు చేతులు తుడుచుకుని బల్ల మీద బిళ్ళలు పరిచింది. "కూర్చో. ఒక్కసారైనా ఆడకుండా నా ఆటని తిట్టుకుంటున్నావ్."

టైలరమ్మ కూర్చుంది. ఆడటం వచ్చేదాకా మెల్లగా ఆడింది. వచ్చాక జాలి చూపలేదు. కొండకు పోయే దారిని అడ్డంగా మూసేసి, రాళ్ళన్నీ తన దగ్గరే పోగేసుకుంది.

"అక్కా, రెండు రాళ్ళివ్వు, నాలుగు గొర్రెలిస్తాను."

"నాకు గొర్రెలొద్దు."

"ఐదు."

"మంద మొత్తం ఇచ్చినా ఇవ్వను."

తోడికోడలి ముఖం ఎర్రబడింది. "నేను చేసిన ఆటలో నన్నే ఓడిస్తావా? ఇదేం న్యాయం?" అంటూ టైలరమ్మ ముందున్న రాళ్ళ కుప్ప వంక కొరకొరా చూసింది. ఆ చూపు టైలరమ్మకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ తన కళ్ళలో ఉన్నదే అది. ఎదుటి మనిషికీ అలా మండుతుందని చూశాక, ఆమె గుండె మీంచి ఏదో బరువు దిగినట్టయింది. తోడికోడలు ఆమెకు మొదటిసారి ముద్దొచ్చింది.

రాళ్ళు మాత్రం ఇవ్వలేదు. మందిరం తనే కట్టింది.